నాలుగు బోల్టుల దిమ్మ

గని పక్క వీధి, పంపు దగ్గర
నవంబరు 9

చిరంజీవి తమ్ముడికి,

రాయించే మనిషిని వీధిలో అందరూ గంజత్త అంటారు. అమ్మ పెట్టిన పేరు నీకు తెలుసు, ఇంకెవరికీ దాంతో పని లేదు. వయసు డెబ్బై ఒకటి. పని బట్టలు ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ. ఇంట్లో ఉండేది నేను, నా కోడలు, రెండు బొగ్గు ఇస్త్రీపెట్టెలు. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి వాణ్ణి ఇంట్లో మనిషి కింద చెప్పను.

ఇవన్నీ నాకు తెలియవా అక్కా అంటావు. కాగితం ఇలాగే మొదలవ్వాలని టైలరు అంటున్నాడు. రాసిపెడుతున్నది అతనే. చెప్పింది చెప్పినట్టు రాస్తానని కత్తెర మీద ఒట్టు వేశాడు. ఇది ఉత్తరం కాదురా, నా వ్యాజ్యం. పెద్దవాళ్ళ ముందు పెట్టేముందు నీ ముందు పెట్టి చూసుకుంటున్నాను, కొత్త గుడ్డ కోసేముందు పాత చొక్కా కొలత చూసుకున్నట్టు.

సంగతి ఇది. గనివాళ్ళు కొండకి ఇవతల రెండో గొయ్యి తవ్వుతారట. ఆ బొగ్గు లారీలు మా వీధిలోంచే పోతాయట, రోజుకి మూడు వందలు. ఫిబ్రవరిలో బడి ఆవరణలో పెద్దాఫీసు వాళ్ళు కూర్చుని జనం మాట వింటారట. విని సరే అన్నారంటే రోడ్డు పడినట్టే. ఇప్పుడున్న గొయ్యి దుమ్ముకే వీధి వీధంతా దగ్గుతోంది. పొద్దున మా ఇంట్లో ముందు కోడలి దగ్గు లేస్తుంది, తర్వాత కోడలు లేస్తుంది.

గని తరఫున ఒకాయన వచ్చి మూతికి కట్టుకునే మాస్కులు పంచాడు. వీధి అతనికి మాస్కులాయన అని పేరు పెట్టేసింది. "గాలి శుభ్రంగానే ఉందండీ, మిషన్ కొలిచి చెబుతోంది" అన్నాడు. "శుభ్రంగా ఉంటే మాస్కెందుకు బాబూ" అన్నాను. నవ్వి ఇంకో మాస్కు నా చేతిలో పెట్టాడు.

మిషన్ మాట నాకు తెలియదు. నా తీగ మాట తెలుసు. ఆస్పత్రి దుప్పట్లు పదేళ్ళుగా నేనే ఉతుకుతున్నాను. పోయిన నెల నర్సమ్మ మూట తిప్పి పంపింది. "అత్తా, ఇవి ఉతికి పంపావా, ఉతక్కుండా పంపావా" అని అడిగింది. నన్ను దొంగ అన్నా ఊరుకునేదాన్నేమో గాని, ఆ మాట అనిపించుకుని ఊరుకోలేను. ఉతికినప్పుడు తెల్లగానే ఉన్నాయి. ఆరేలోపు గాలి వాటిని పాడు చేసింది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. టైలరు ఒకే తానులోంచి మూరెడేసి తెల్ల ముక్కలు కోశాడు. ముప్పై ఒక్క ఇళ్ళకి ఇంటికొకటి. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నేను ఇంటికో గుర్తు పెట్టుకున్నాను కదా, చుక్కలూ గీతలూ వంపులూ. ఆ గుర్తే ముక్క మూలన వేశాను, ఉతికినా పోని సిరాతో. సోమవారం పొద్దున అందరూ వాకిట్లో తీగ మీద వేస్తారు. ఆదివారం పొద్దున దించి నాకిస్తారు. మళ్ళీ సోమవారం కొత్త ముక్క. ఏ వారానిదో తెలియడానికి అంచున దారపు ముడులు.

నువ్వు ఆ గనిలో ముప్పై ఏళ్ళు చేశావు. ఆఫీసు మనుషులకి ఏ మాట చెవికెక్కుతుందో చెప్పు.

పంపు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చుని రాయిస్తున్నాను. దీనికి నాలుగు మూలలా నాలుగు బోల్టులు లేచి ఉన్నాయి. ఎవడు ఎందుకు పెట్టాడో గాని, దుప్పటి కొస బోల్టుకి చుట్టి పిండితే రెండో మనిషి అక్కర్లేదు. మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క

(గీత కింద మూడు చుక్కలు ఆవిడ గుర్తు. – టైలరు)


పట్నం, రైలు గేటు పక్క మేడ, రెండో అంతస్తు
నవంబరు 20

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. కత్తెర మీద ఒట్టు దగ్గర నవ్వి ఆయాసం తెచ్చుకుంది. గుండె కవాటం సంగతి నీకు తెలిసిందే. నెలకోసారి గనివాళ్ళ ఆస్పత్రికి తీసుకెళుతున్నాను. రిటైరైన వాళ్ళకిచ్చిన కార్డు ఉండబట్టి మందులు ఆగకుండా నడుస్తున్నాయి.

అక్కా, నువ్వు చెప్పింది బాగానే ఉంది గాని ఆఫీసు వాళ్ళ తీరు వేరు. అక్కడ మిషన్ ఉంది. అందులో వడపోత కాగితం పెడతారు. రోజూ పొద్దున ఆ కాగితం తీసి తూకం వేస్తారు, సంతకం పెడతారు, స్టాంపు వేస్తారు. నీ ముక్కలకి స్టాంపు ఎవరు వేస్తారు? పదిమందిలో నవ్వులపాలవుతావేమోనని నా భయం. ఈ వయసులో నీకెందుకు చెప్పు.

మానేయమంటే నువ్వు మానవు. కాబట్టి ఒక్క మాట. ఒక ముక్క ఎప్పుడూ తీగ మీద వేయకుండా పెట్టెలో దాచు. పక్కన పెట్టి చూపించడానికి అది కావాలి. అది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా ఒకటే.

నా పేరు ఎక్కడా రానివ్వకు. ఆ దిమ్మ మీద కూర్చోకు, చలికి నడుము పట్టేస్తుంది.

ఇట్లు,
నీ తమ్ముడు


గని పక్క వీధి
డిసెంబరు 7

తమ్ముడికి,

నడుము నాది, దిమ్మ వీధిది, మధ్యలో నీకేమిటిరా. చిన్నప్పుడు కుక్క మొరిగితే నా వెనక దాక్కునేవాడివి. కుక్క పోయింది, అలవాటు పోలేదు.

పెట్టెలో ముక్క దాచమన్నావు, దాచాను. ఇంత మంచి మాట చెప్పి చివర్న పేరు రానివ్వద్దంటావేం? ఉప్పు వేసి కూర వండి, నేను వండలేదని చెప్పినట్టుంది.

ఇక్కడి సంగతి విను. మొదటి వారం ముప్పై ఒక్క ముక్కలకి పద్నాలుగే తీగ మీదికెక్కాయి. మిగతావి గిన్నెలు తుడుచుకోవడానికి పోయాయి. టీకొట్టావిడ నా ముఖం మీదే చెప్పింది. "అత్తా, నా దగ్గర తాగేదంతా లారీ డ్రైవర్లు. నా మొగుడూ డ్రైవరే. గని మూతపడితే నీ తెల్ల ముక్క తింటామా?"

"గని మూయమని ఎవరన్నారే" అన్నాను. "నా ఇస్త్రీపెట్టెలో ఏముంది? బొగ్గే కదా. బొగ్గుతో నాకు తగువు లేదు. పెట్టెకి మూత ఉంది, నిప్పు మీద పడకుండా. వాళ్ళ లారీలకి మూత లేదు. అదే తగువు."

ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. గంటయ్యాక నా షెడ్డుకొచ్చి అందరికీ వినబడేలా అంది: "అత్త చెప్పేది మూడు మాటలు. లారీలకి పట్టా కప్పాలి. రోడ్డు వీధిలోంచి కాకుండా కొండ చుట్టూ పోవాలి. ఆ దుమ్ము కొలిచే మిషన్ ఎక్కడుందో మనకి చూపించాలి. ఇందులో మన మగవాళ్ళ జీతం పోయే మాట ఏముంది?" చూశావా, నేను నెల రోజులుగా తిట్లతో కలిపి చెబుతున్నది ఆవిడ తిట్లు లేకుండా చెప్పేసింది. మూడో వారం ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ తీగ మీద ఉన్నాయి. పొద్దున పనికెళ్ళే వాళ్ళు తలెత్తి చూస్తూ పోతున్నారు. వీధంతా ఒకే ఇల్లు బట్టలారేసినట్టుంది.

మాస్కులాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి నా ఒక్కదాని కోసం. "పెద్దావిడ కష్టపడుతున్నారు, గని తరఫున బట్టలుతికే మిషన్ ఇప్పిస్తాం" అన్నాడు. "గాలిని ఉతికే మిషన్ ఉంటే పంపు బాబూ, అది వీధికి పెట్టుకుంటాం" అన్నాను. టైలరు నోట్లో సూది పెట్టుకుని నవ్వాడు. కొంచెంలో మింగేవాడు.

నీ అక్క


పట్నం
డిసెంబరు 21

అక్కయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మరదలు ఇరుగుపొరుగుని పిలిచి గాలిని ఉతికే మిషన్ మాట చెప్పింది. ఈ మేడలో ఇప్పుడు నువ్వు తెలియని వాళ్ళు లేరు.

ముప్పై ఏళ్ళు గనిలో ఉన్నాను. యూనియన్ వాళ్ళు చేయలేని పని, ఆఫీసరు భార్యలు కమిటీలు పెట్టి చేయలేని పని నువ్వు మూరెడు గుడ్డతో చేస్తున్నావు. నా అక్కవని గర్వంగా ఉంది. ఇంకేదో కూడా ఉంది, దాన్ని ఏమనాలో తెలియడం లేదు.

మిషన్ ఎక్కడుందో అడగమన్న మాట టీకొట్టావిడకి ఎలా తోచింది? మంచి మాట. దాన్ని వదలకండి. గాలి కొండ మీంచి మీ వీధి వైపే వీస్తుంది, సంవత్సరంలో తొమ్మిది నెలలు. గనివాళ్ళ గెస్ట్ హౌస్ తోట వైపు అసలు వీచదు. ఎవరైనా అడిగితే ఈ మాట పనికొస్తుంది.

దించిన ముక్కల్ని కాగితంలో మడిచి పెట్టు. ఎవరూ తడపకుండా చూసుకో. ముఖ్యంగా నువ్వు. నీ చేతుల సంగతి నాకు తెలుసు. నా పెళ్ళిలో పీటల మీదున్నవాణ్ణి లేపి, కాలరు మురికిగా ఉందని చొక్కా విప్పించి ఉతికావు.

నీ తమ్ముడు


గని పక్క వీధి
జనవరి 20

చిరంజీవి తమ్ముడికి,

నేను క్షేమం. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. మరదలి ఆరోగ్యం ఎలా ఉంది? నీ మోకాలి నొప్పి తగ్గిందా? పట్నంలో చలి ఎక్కువగా ఉందా? వేళకి తినండి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పని సాగుతోంది. పది వారాలు పూర్తయ్యాయి. విచారణ ఫిబ్రవరి పదహారున అని కాగితం అంటించారు.

నీ అక్క

(ఆవిడ చెప్పమన్నంతే రాశాను. ఒట్టు వేశాను కాబట్టి ఇంకేమీ కలపడం లేదు. – టైలరు)


పట్నం
జనవరి 27

అక్కా,

నా మోకాలి గురించి నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఆ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. టైలరు ఒట్టు గుర్తుచేస్తున్నాడు. ఏదో జరిగింది. ఏమిటో చెప్పు.

నిన్ను నిజం చెప్పమని అడిగే ముందు నేను చెప్పాలి. నవంబరు నుంచి ప్రతి ఉత్తరంలోనూ రాద్దామని కూర్చుని, మీ మరదలి మందుల సంగతి రాసి కవరు అంటించేస్తున్నాను.

నువ్వు కూర్చునే దిమ్మ దుమ్ము కొలిచే మిషన్‌ది. ఆ నాలుగు బోల్టులు మిషన్ నాలుగు కాళ్ళకి. బిగించింది నేనే. లాబ్‌లో అటెండరుగా నా పనేమిటని నువ్వు ఎన్నోసార్లు అడిగావు, కాగితాలు మార్చే పని అని చెప్పాను. ఆ మిషన్లో కాగితాలే. రోజూ పొద్దున తెల్ల కాగితం పెట్టేవాణ్ణి, మర్నాడు తీసేసరికి అది నల్ల పలకలా ఉండేది.

పదకొండేళ్ళ కిందట, నువ్వు ఆ వీధికి రాకముందు, ఒక రోజు మా పై ఆఫీసరు పిలిచాడు. "ఇక్కడ కరెంటు సరిగ్గా ఉండటం లేదు, మిషన్ పాడవుతుంది, గెస్ట్ హౌస్ తోటలోకి మార్చు" అన్నాడు. తోటలో రోజుకి రెండు పూటలా నీళ్ళు చిమ్ముతారు. చుట్టూ చెట్లు. గాలి అటు పోనే పోదు. నాకు తెలుసు. బోల్టులు విప్పి, మిషన్ని నా భుజం మీద మోసుకెళ్ళి అక్కడ దించాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు పెట్టిన కాగితం పెట్టినట్టే తీశాను. పని తేలికైందని సంతోషించాను కూడా. ఆ తెల్ల కాగితాలనే ఇవాళ మాస్కులాయన మీకు చూపిస్తున్నాడు.

ఇది బయట చెబితే కార్డు ఆపేస్తారని భయం. మీ మరదలికి ఇంకా చెప్పలేదు. నువ్వు ఏం తిట్టినా పడతాను.

నీ తమ్ముడు


గని పక్క వీధి
ఫిబ్రవరి 2

ఒరేయ్,

నీ ఉత్తరం టైలరు చదువుతుంటే దిమ్మ మీదే కూర్చుని ఉన్నాను. చదవడం అయ్యాక లేచి నిలబడ్డాను. చాలాసేపు మళ్ళీ కూర్చోలేకపోయాను.

ముందు నా పాపం చెబుతాను. ముక్కలన్నీ ఉతికేశాను.

పదో వారం ముక్కలు దించిన ఆదివారం. పది వారాలవీ, మూడు వందలకి కాస్త తక్కువ ముక్కలు, షెడ్డులో పెద్ద మూట కట్టి ఉంది. దాన్ని కిందికి దించాను, టైలరు వచ్చాక లెక్కపెడదామని. తొట్టి నిండా నీళ్ళు. మనసులో మాస్కులాయనతో వాదించుకుంటున్నాను, ఆయన ఇలా అంటాడు, నేను ఇలా అంటాను అని. వాదన నేను గెలిచేసరికి మూట తొట్టిలో ఉంది. నానబెట్టడం, సబ్బు పెట్టడం, బండకేసి బాదడం, జాడించడం, అన్నీ అయిపోయాయి. యాభై ఏళ్ళుగా మురికి గుడ్డ కనబడితే ఈ చేతులు నన్ను అడిగి చేయలేదు, ఆ రోజూ అడగలేదు. టైలరు గుమ్మంలో నిలబడి "అత్తా" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, చేతిలో ఏముందో.

నాకు ఏడుపు రాదు, నీకు తెలుసు. ఆ రోజు వచ్చింది. నీచేత తడపకు అనిపించుకుని మరీ తడిపాను. ఆ సిగ్గుతోనే నీ మోకాలి గురించి అడిగాను.

వీధి వీధంతా వచ్చింది. చివరికి టీకొట్టావిడ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, కొంగుతో తుడుచుకుని, "నీ చేతికి సాక్ష్యమిస్తే మరకనుకుంటుందే అత్తా" అంది. తర్వాత తొట్టి పక్కనున్న డ్రమ్ములోకి తొంగి చూసింది. "ఇదేమిటి?"

మొదటి నీళ్ళు నేను పారబోయను. గోనెసంచులు నానబెట్టుకోవడానికి డ్రమ్ములో పోస్తాను. ఆ నీళ్ళు అలాగే ఉన్నాయి. కదపకుండా రెండు రోజులు ఉంచి పైన తేరిన నీళ్ళు తీసేశాం. అడుగున మిగిలింది గాజు జాడీలోకి ఎత్తితే రెండు వేళ్ళ మందం నలుపు. పది వారాల వీధి ఆ జాడీలో ఉంది.

ఆవిడే అంది: "ఇంకా నాలుగు వారాల ముక్కలు వస్తాయి. వాటిని అక్కడ, వాళ్ళ ముందు ఉతుకు. నీకొచ్చిన పని అదే కదా. వాళ్ళు మిషన్ తెచ్చుకుంటారు, మనం తొట్టి తీసుకెళదాం." చదువుకున్నవాళ్ళకి రాని ఆలోచన అది. నాకూ రాలేదు. ఆవిణ్ణి మొదట్లో పిరికిది అన్నాను. ఆ మాట అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను.

ఇక నీ సంగతి. నువ్వు రోజూ తెల్ల కాగితం తీసి పక్కన పెట్టావు. కాగితం మీద పడాల్సింది నా తీగ మీద పడింది, నా కోడలి ఛాతీలో పడింది. తిట్టమన్నావు. చాలా తిట్లు చెప్పాను, టైలరు రాయలేదు. ఒట్టు తప్పాడు, ఈసారికి పోనిచ్చాను.

అయితే ఒకటి. నేను నల్లవి తెల్లగా చేసి పంపేదాన్ని, నువ్వూ అంతే. నాకు అది పని, నీకు చెప్పిన పని. ఎవరిది పెద్ద తప్పో తూచడానికి నా దగ్గర త్రాసు లేదు.

నిన్ను వచ్చి సాక్ష్యం చెప్పమని అడగను. మరదలి ఊపిరి ఆ కార్డు మీద ఉంది. ఒక ఇంటి ఊపిరి తీసి ఇంకో ఇంటికి పెట్టమనే మనిషిని కాను. నా దగ్గర తొట్టి ఉంది, చాలు.

నీ అక్క


పట్నం
ఫిబ్రవరి 9

అక్కయ్యకి,

నీ ఉత్తరం నేను లేనప్పుడు వచ్చింది. మీ మరదలు విప్పి చదివింది. నేను మందులు పట్టుకుని వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది, ఉత్తరం ఒళ్ళో. "ఇన్నాళ్ళూ మందు మింగుతూ ఎవరి ఊపిరి మింగానో నాకు తెలియనివ్వలేదు" అంది. తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. రాసిందాకా అన్నం పెట్టలేదు.

నేను రావాలనే అనుకున్నాను. ఎల్లుండి తనని ఆస్పత్రిలో చేర్చుకుంటున్నారు, కవాటం పరీక్షకి. వదిలి రాలేను. అందుకని కాగితం పంపుతున్నాను. మిషన్ మొదట ఎక్కడుంది, ఎవరు మార్చమన్నారు, ఎవరు మోశారు, ముందు కాగితాలు ఎలా ఉండేవి, తర్వాత ఎలా ఉన్నాయి, అన్నీ రాశాను. పేరు రాశాను, ఉద్యోగం నంబరు రాశాను, మేడ మీదివాళ్ళని ఇద్దర్ని పిలిచి వాళ్ళ ఎదురుగా సంతకం పెట్టాను.

ఒకటే అడుగుతున్నాను. ఇది చదివేటప్పుడు వాళ్ళకి దిమ్మ చూపించు. మాట కాదన్నా బోల్టుల్ని కాదనలేరు. మధ్య దూరం కొలవమను. అడుగున్నర, అన్ని వైపులా. తోటలో ఉన్న మిషన్ కాళ్ళూ అంతే.

నీ తమ్ముడు


గని పక్క వీధి
మార్చి 1

చిరంజీవి తమ్ముడికి,

విచారణ ఎలా జరిగిందో ముక్క వదలకుండా చెబుతాను. టైలర్ని రెండు పెన్నులు తెచ్చుకోమన్నాను.

బడి ఆవరణలో బల్లలు వేశారు. మధ్య కుర్చీలో పెద్దాఫీసు మేడం. ఒక పక్క గనివాళ్ళు, మిషన్ కాగితాల కట్టలతో. ఇంకో పక్క మేము, తొట్టితో. టీకొట్టావిడ మొగుడు, ఆ లారీ డ్రైవరే, తొట్టి మోసుకొచ్చాడు. వాళ్ళ ఆఫీసరు చూస్తుండగానే మోశాడు.

నన్ను పిలిచారు. నిలబడి నా పేరు, వయసు, ఇల్లు చెప్పాను. ముక్కల సంగతి చెప్పాను. మాస్కులాయన లేచాడు. "మేడం, ఈవిడకి చదువు రాదు. ఏ ముక్క ఎవరిదో, ఏ వారానిదో ఎలా చెబుతుంది? ఎవరో నేర్పించారు."

మేడం కుప్పలోంచి ఒక ముక్క తీసి మూల చూపించింది. "ఇది?"

"వంపు, కింద చుక్క. టీకొట్టుది. పన్నెండు ముడులు, పన్నెండో వారం."

"ఇది?"

"రెండు గీతలు కత్తెరలా. టైలరుది. పదమూడో వారం."

అలా తొమ్మిది అడిగింది, తొమ్మిదీ చెప్పాను. పదోది చూపించింది. మూల ఏదో కుట్టుపని ఉంది.

"ఇది మా వీధిది కాదు మేడం" అన్నాను. "ఇది మీ చేతిరుమాలు. గంజి తక్కువైంది."

బడంతా నవ్వింది. మేడం కూడా నవ్వి రుమాలు మడిచి పెట్టుకుంది. ఆ తర్వాత నన్ను ఎవరూ చదువు గురించి అడగలేదు.

మొదటి పది వారాల ముక్కలు ఏవని అడిగింది. ఉతికేశానని చెప్పాను. టైలరు నా వైపు కంగారుగా చూశాడు, చెప్పకుండా ఉండాల్సిందని. ఎందుకు దాచాలి? ఎలా జరిగిందో చెప్పాను, వాదన గెలిచిన సంగతితో సహా. జాడీ బల్ల మీద పెట్టాను. మేడం దాన్ని చాలాసేపు చేత్తో తిప్పి చూసింది. తర్వాత రెండు పళ్ళాల్లో నీళ్ళు పోయించాను. ఒకదాంట్లో నువ్వు దాచమన్న పెట్టెలో ముక్క, ఇంకోదాంట్లో వీధిలో ఆరు రోజులున్న ముక్క. అందరూ చూస్తుండగా జాడించాను. పెట్టె ముక్క నీళ్ళలో నా గాజులు కనబడుతున్నాయి. వీధి ముక్క నీళ్ళలో నా వేళ్ళే కనబడలేదు. మాట్లాడటానికి వచ్చిన వాళ్ళు కొంతమంది ఆ పళ్ళెం చూసి ఇంక మాట్లాడక్కర్లేదని కూర్చున్నారు.

గనివాళ్ళు మిషన్ కాగితాలు తీశారు. అప్పుడు టైలరు నీ కాగితం చదివాడు. ఒక్క అక్షరం తడబడలేదు. నీ పేరు దగ్గర నేను తల దించుకుంటాననుకున్నాను. దించలేదు. "ఆ భుజం నాదే" అని నువ్వు రాసిన చోట, గనివాళ్ళలో ఒక ముసలాయన, ఎవరో తెలియదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మేడం లేచి "దిమ్మ చూపించండి" అంది. జనమంతా వెనకాల వస్తుంటే పంపు దగ్గరికి నడిచాం. తోటలోంచి మిషన్ తెప్పించింది. నలుగురు మోసుకొచ్చారు. నువ్వొక్కడివే ఎలా మోశావురా దాన్ని. దించారు. నాలుగు కాళ్ళూ నాలుగు బోల్టుల మీద కూర్చున్నాయి, పాత చెప్పులో కాలు దూరినట్టు. మాస్కులాయన ఆకాశం వంక చూశాడు.

గెలిచామని చెప్పను. మేడం రాయించింది ఇది: మిషన్ తొంభై రోజులు అక్కడే ఉండాలి. అప్పటిదాకా రోడ్డు మాట ఎత్తకూడదు. కొండ చుట్టూ దారి కొలిచి చూపించాలి. ఉన్న లారీలు రేపటి నుంచే పట్టా కప్పుకుని తిరగాలి. ఆ మర్నాడే పట్టా కప్పిన మొదటి లారీ వీధి చివర నుంచి పోయింది. తోలుతున్నది టీకొట్టావిడ మొగుడు. హారన్ కొట్టాడు. నిన్న కోడలు ఊడ్చిన వాకిలి సాయంత్రం దాకా ఊడ్చినట్టే ఉంది.

మొన్న వచ్చిన నీ చిన్న ఉత్తరంలో, ఆస్పత్రి కౌంటరులో కార్డు గురించి పైవాళ్ళని అడగాలి అన్నారని రాశావు. అడగనీ. ఆపితే ఒక ఉత్తరం ముక్క రాయి. ముప్పై ఒక్క ఇళ్ళ వాళ్ళం తొట్టి పట్టుకుని ఆ కౌంటరు దగ్గరికి వస్తాం. ఈ మాట నేను చెప్పింది కాదు, వీధిలో కూర్చుని అందరూ అనుకుని నాతో చెప్పించింది. మరదలికి పరీక్ష బాగా జరిగిందన్నందుకు ఇక్కడ టీకొట్టావిడ అందరికీ టీ పోసింది.

ఒక మాట నీ ముఖం మీద చెప్పలేను, కాబట్టి రాయిస్తున్నాను. ఇంత చేసింది నేనని వీధి అంటోంది. నాకు పోయేది ఏముందిరా, దుప్పట్ల మూట తిరిగొచ్చిన రోజే పరువు పోయింది. పోగొట్టుకునేది ఉన్నవాడివి నువ్వు. భయపడుతూనే పేరు రాశావు. ధైర్యం ఉన్నదాన్ని నేను ధైర్యం చేయడం గొప్ప కాదు. కుక్కకి భయపడేవాడు కుక్క ముందు నిలబడ్డాడు. అది నేను చూశాను, అమ్మ చూడలేదు, అంతే లోటు.

ఇప్పుడు నాకు కూర్చోవడానికి దిమ్మ లేదు. నిలబడి రాయిస్తున్నాను. దుప్పట్లు పిండడానికి కోడలు రెండో కొస పట్టుకుంటోంది. రోజూ పొద్దున లాబ్ మనిషి వచ్చి కాగితం మారుస్తాడు, వీధిలో ఇద్దరు పక్కన నిలబడి చూడాలని మేడం రాసింది. మొదటి రోజు ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. కాగితం బయటికి తీశాడు. నువ్వు చెప్పినట్టే, పలక. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. రెంటినీ వెనక్కి తీసుకుని కొంగులో చుట్టి పట్టుకున్నాను, అతను దాన్ని కవరులో పెట్టి సంతకం చేసేదాకా.

ఈ ఉత్తరం మామూలు ఉత్తరం కాదు. టైలరు దీనికి నకలు తీసి మేడంకి పంపుతున్నాడు, నా వ్యాజ్యం కింద. కాబట్టి పద్ధతిగా ముగిస్తున్నాను.

పైన చెప్పిందంతా నేను నా నోటితో చెప్పింది. చదివించి విన్నాను. నిజం.

రాయించిన మనిషి గుర్తు: గీత, కింద మూడు చుక్కలు.

మొదటి సాక్షి: టైలరు, రాసినవాడు.

రెండో సాక్షి: టీకొట్టావిడ. సంతకం కింద తన ఇంటి గుర్తు కూడా వేసింది, వంపూ చుక్కా.

మూడో సాక్షి: ఇక్కడ చోటు వదిలాం. మరదల్ని తీసుకుని వచ్చి పెట్టు.